క్రాస్టర్ నుంచి డన్‌స్టన్‌బరా కోటకు: పదిమందితో సముద్రపు ఒడ్డు నడక ఎలా పెట్టుకోవాలి?

ఇంగ్లండ్ ఈశాన్య తీరంలో, నార్తంబర్‌లాండ్‌లో క్రాస్టర్ ఒక చిన్న జాలరి పల్లె. అక్కడి నుంచి డన్‌స్టన్‌బరా కోట శిథిలాలకు దూరం రెండు కిలోమీటర్ల పైచిలుకు. న్యూకాజిల్ వైపున్న మనవాళ్లు పిల్లలు, పెద్దలతో కలిసి వెళ్లడానికి హాయైన దారి.

1. మొదట భోజనం సంగతి తేల్చండి. రేవు దగ్గర జాలీ ఫిషర్‌మన్ పబ్ ఉంది. పీత మాంసం శాండ్‌విచ్‌కి పేరు. పదిమంది చెప్పకుండా వెళ్తే చోటు దొరకదు. ఫోన్ చేసి టేబుల్ అడగండి, శాకాహారం ఏముందో, వంటగది ఎప్పుడు మూసేస్తారో కనుక్కోండి. ఒంటిగంటకు భోజనమైతే పదింటికల్లా నడక మొదలవ్వాలి.

2. గాలి ఆపే జాకెట్, పట్టున్న బూట్లు తప్పనిసరి. ఎండ ఉందని నమ్మొద్దు, అక్కడి గాలి వేరు. కార్లను పాత రాతి క్వారీలోని పార్కింగ్‌లో పెట్టండి.

3. చరిత్రంతా బయల్దేరేటప్పుడే చెప్పేస్తే ఎవరూ వినరు. రేవు దగ్గర కొంచెం చెప్పండి: ఈ రేవు కెప్టెన్ జాన్ క్రాస్టర్ జ్ఞాపకంగా కట్టింది. ఆయన బ్రిటిష్ ఇండియన్ ఆర్మీ అధికారి, 1904లో టిబెట్ మీద బ్రిటిష్‌వాళ్ల దండయాత్రలో చనిపోయాడు. మన దేశపు సైన్యం పేరు ఈ మూలన కనబడటం నాకైతే వింతే.

మిగతాది కోట గోడల కింద కూర్చుని చెప్పుకోవచ్చు. 1313లో లాంకాస్టర్ ప్రభువు థామస్ దీన్ని మొదలుపెట్టాడు. రాజు రెండో ఎడ్వర్డ్‌కి దాయాది, బద్ధ విరోధి కూడా. తిరగబడి 1322లో బరోబ్రిడ్జ్ దగ్గర ఓడాడు, తల పోయింది. తర్వాత గులాబీల యుద్ధాల్లో, అంటే పదిహేనో శతాబ్దంలో ఇంగ్లండ్ సింహాసనం కోసం రెండు వంశాలు చేసిన పోరులో, కోట చేతులు మారి, క్రమంగా పాడుబడింది. లోపలికి టికెట్ ఉంటుంది. చలికాలంలో ఏ రోజుల్లో తెరుస్తారో ముందే చూసుకోండి.

4. దారంతా గడ్డి, గొర్రెలు. గేటు దాటినవాళ్లు మూసెయ్యాలి, కుక్కకి తాడు ఉండాలి. ఓపికుంటే కోట దాటి ఎంబుల్టన్ బే ఇసుక దాకా వెళ్లి వెనక్కి తిరగండి.

5. చాలా పబ్‌ల్లో ఆర్డర్ కౌంటర్ దగ్గరే ఇచ్చి, డబ్బు అక్కడే కట్టాలి. ఒక్కరే కట్టి తర్వాత పంచుకుంటే గొడవుండదు. కారు నడిపేవాళ్లు మందు జోలికి పోవద్దు.

6. తిరిగొచ్చేముందు ఓక్ పొగలో ఆరబెట్టిన హెర్రింగ్ చేపలు, అంటే కిప్పర్లు కొనుక్కోవచ్చు. రెండు కవర్లలో చుట్టించండి. కారులో శాకాహారులుంటే ఇంకొకటి కూడా.