సైకియాట్రీ పోస్టింగ్‌లో రికవరీ మీద దృష్టి పెట్టి కేర్ ఎలా ఇవ్వాలి

ఎర్రగడ్డకో, విశాఖ మెంటల్ కేర్ ఆసుపత్రికో సైకియాట్రీ పోస్టింగ్‌కి వెళ్లే నర్సింగ్ స్టూడెంట్స్ చాలామంది హిస్టరీ తీసుకోవడం, ఎంఎస్ఈ (పేషెంట్ మానసిక స్థితి పరీక్ష) రాయడం, ప్రాసెస్ రికార్డింగ్ (పేషెంట్‌తో జరిగిన మాటలు ఉన్నవున్నట్టు రాసేది) సబ్మిట్ చేయడం, ఇంతే పని అనుకుంటారు. అవి కావాల్సిందే. కానీ ఆ పేషెంట్ బాగైతే ఏం చేద్దామనుకుంటున్నాడో మీ ఫైల్లో ఒక్క లైన్ కూడా లేకపోతే కేర్ సగమే ఇచ్చినట్టు లెక్క.

ముందు రికవరీ అంటే ఏంటో చూద్దాం. లక్షణాలు తగ్గడం ఒకటి, దాన్ని క్లినికల్ రికవరీ అంటాం. ఇంకోటి పర్సనల్ రికవరీ, అంటే ఎవరూ లేకున్నా గొంతులు వినిపించడం పూర్తిగా పోకపోయినా, మందులు జీవితాంతం వాడాల్సి వచ్చినా, తనకి నచ్చిన బతుకు తను బతకగలగడం. 1993లో విలియం ఆంథనీ అనే అమెరికా మానసిక పునరావాస నిపుణుడు ఈ రెండోదాన్ని వివరంగా రాశాక చాలా దేశాల్లో మానసిక వైద్య సేవలు ఆ వైపు తిరిగాయి.

ఇక జబ్బు గురించి ఒక్కొక్కరి దృక్పథాలు. డిగ్రీ చదివే కుర్రాడికి మాటలు వినిపిస్తున్నాయనుకోండి. డాక్టర్ గారు మెదడులోని డోపమైన్ అనే రసాయనం అంటారు, సోషల్ వర్కర్ ఇంట్లో అప్పులు, గొడవలు చూస్తారు, వాళ్లమ్మేమో గాలి సోకిందంటుంది, ఆ కుర్రాడు మాత్రం నాకేం లేదు వీళ్లే నన్ను బంధించారంటాడు. ఎవరిది కరెక్ట్ అని తేల్చే పని మీది కాదు. "ఇది ఎందుకు వచ్చిందని మీకనిపిస్తోంది?" అని అమ్మనీ కొడుకునీ విడివిడిగా అడగండి, చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. తాయత్తు కట్టారా, ఉండనివ్వండి, దర్గాకి వెళ్తారా, మందులు ఆపకుండా వెళ్లమనండి. కొట్టడం, గొలుసులు వేయడం, తిండి మానిపించడం మాత్రం ఏ నమ్మకం పేరుతోనూ ఒప్పుకోకూడదు. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడి దర్గా దగ్గర మానసిక రోగుల్ని ఉంచే చోట మంటలు లేస్తే గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్లు పారిపోలేక 28 మంది చనిపోయారు.

మాట్లాడేటప్పుడు "అలాంటి గొంతులేం లేవు" అని వాదించొద్దు, అలాగని అవునవునని తలూపొద్దు. "నాకైతే వినిపించట్లేదు గానీ మీకు వినిపిస్తున్నాయని, భయంగా ఉందని అర్థమవుతోంది" అనండి, ఆ తర్వాత అవి ఏం చెప్తున్నాయో అడగండి. చచ్చిపో, ఫలానావాణ్ణి కొట్టు అని చెప్తున్నాయంటే వెంటనే ఇన్‌చార్జ్ సిస్టర్‌కి చెప్పాలి. చనిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడగడానికి భయపడకండి, అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు.

కేర్ ప్లాన్‌లో గోల్ పేషెంట్ మాటల్లోనే రాయండి. "మళ్లీ మిషన్ కుట్టాలి" అని ఒకామె అందంటే అదే గోల్, అక్కణ్ణుంచి వెనక్కి రండి. మందుల వల్ల చేతులు వణికితే సూదిలో దారం ఎక్కదు, పొద్దున్నే మత్తుగా ఉంటే షాపుకి వెళ్లలేదు, ఈ రెండూ డాక్టర్ గారికి చెప్తే డోసో టైమో మార్చే వీలుంటుంది. గొంతులు వినిపించడం లాంటివి తగ్గడానికి ఇచ్చే రిస్పెరిడోన్ లాంటి మందులతో నెలసరి ఆగిపోవచ్చు, పాలు రావచ్చు, మగవాళ్లకి లైంగిక ఇబ్బందులు రావచ్చు, సిగ్గుతో ఎవరికీ చెప్పుకోలేక ఇంటికెళ్లాక మాత్రలు మానేసేవాళ్లు ఉంటారు, దాన్ని మనం "మాట వినడు" అని రాసేస్తాం! పక్కన ఎవరూ లేనప్పుడు మెల్లగా అడగండి ప్లీజ్.

2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం కూడా ఒకసారి చదవండి, పరీక్ష కోసం కాదు, వార్డు కోసం. బలవంతంగా గుండు చేయకూడదు, తన బట్టలు వేసుకుంటానంటే యూనిఫాం వేసుకోమని ఒత్తిడి చేయకూడదు, మత్తు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా ఈసీటీ (కరెంట్ షాక్ చికిత్స) చేయకూడదు. కట్టేయడం అనేది అప్పటికప్పుడు జరగబోయే హానిని ఆపడానికి వేరే దారే లేనప్పుడు, సైకియాట్రిస్ట్ అనుమతితోనే చేయాలి, ఆ సంగతి నామినేటెడ్ ప్రతినిధికి (చట్టం ప్రకారం పేషెంట్ తరఫున ఉండే మనిషికి) 24 గంటల్లో తెలియజేయాలి. రేపు మళ్లీ జబ్బు ముదిరితే తనకి ఎలాంటి వైద్యం కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టుకునే హక్కు కూడా ఉంది, బాగున్నప్పుడే ఈ సంగతి చెప్పాలి.

డిశ్చార్జ్ ముందు పేషెంట్‌తో కూర్చుని, పోయినసారి జబ్బు తిరగబెట్టేముందు ఏం మారిందో తనతోనే చెప్పించండి. ఒకరికి నిద్ర తగ్గుతుంది, ఒకరు స్నానం మానేస్తారు, ఒకరు ఫోన్ ఎత్తరు. అవి తెలుగులో ఒక కాగితం మీద రాసి, కింద ఎవరికి ఫోన్ చేయాలో, మాత్రలు ఎక్కడ దొరుకుతాయో, టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబర్ 14416 రాసివ్వండి, అది ఫ్రీ, తెలుగులోనూ మాట్లాడతారు. ఇంట్లోవాళ్లకి రోజంతా "మందేసుకున్నావా" అన్న ఒక్క మాటే కాకుండా వేరే కబుర్లు కూడా చెప్పమనండి. బైపోలార్ లాంటి మూడ్ జబ్బులకి ఇచ్చే లిథియం అనే మందు వాడుతున్నవాళ్లకైతే మన ఎండల గురించి తప్పకుండా చెప్పాలి: నీళ్లు బాగా తాగాలి, ఉప్పు ఒక్కసారిగా మానేయకూడదు, ఒళ్లునొప్పులకి మెడికల్ షాపులో సొంతంగా మాత్రలు కొనకూడదు, వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, చేతులు బాగా వణికి నడక తూలినా ఫాలోఅప్ తేదీ దాకా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి రావాలి.