మూడేళ్లు నిండకముందే అడగండి: అమెరికాలో పసిపిల్లలకు ఎర్లీ ఇంటర్వెన్షన్

మా బాబుకి ఏడాదిన్నర నిండినా "అమ్మ" తప్ప మరో మాట స్పష్టంగా వచ్చేది కాదు. ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "మగపిల్లలు లేటుగానే మాట్లాడతారు, వాళ్ల నాన్నకీ మూడేళ్లకి గానీ మాటలు రాలేదు." పిల్లల డాక్టరు కూడా రెండేళ్లదాకా చూద్దామన్నారు. సరేనని మూడు నెలలు చూశాం. పార్కులో పరిచయమైన ఒక తెలుగావిడ మా వాణ్ణి కాసేపు గమనించి, "ఎర్లీ ఇంటర్వెన్షన్‌కి ఫోన్ చేశారా?" అని అడిగేదాకా అలాంటిదొకటి ఉందనే మాకు తెలియదు. డాక్టరు చీటీ అక్కర్లేదు, తల్లిదండ్రులే నేరుగా ఫోన్ చేయొచ్చు అని కూడా ఆవిడే చెప్పింది. ఆ మూడు నెలలు తలచుకుంటే నాకిప్పటికీ బాధే. కొత్తగా ఈ దేశం వచ్చి, బిడ్డ ఎదుగుదల గురించి మనసులో ఏ మూలో అనుమానం పెట్టుకున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

పుట్టినప్పటి నుంచి మూడేళ్లు నిండేదాకా ఎదుగుదలలో వెనకబడిన పిల్లలకు అమెరికాలో ప్రతి రాష్ట్రంలోనూ ఎర్లీ ఇంటర్వెన్షన్ అనే ప్రభుత్వ సేవలున్నాయి. 1986లో కాంగ్రెస్ చేసిన చట్టంతో ఇవి మొదలయ్యాయి. ఇప్పుడు వైకల్యాలున్న పిల్లల చదువు కోసం చేసిన ఐడీఈఏ అనే చట్టంలో పార్ట్ సి కింద నడుస్తున్నాయి. పేరు మాత్రం రాష్ట్రానికొకటి. మేముండే టెక్సస్‌లో ఎర్లీ చైల్డ్‌హుడ్ ఇంటర్వెన్షన్, అందరూ ఈసీఐ అంటారు. కాలిఫోర్నియాలో ఎర్లీ స్టార్ట్, ఫ్లోరిడాలో ఎర్లీ స్టెప్స్, మిషిగన్‌లో ఎర్లీ ఆన్, కనెక్టికట్‌లో బర్త్ టు త్రీ. జార్జియా వాళ్లు పెట్టుకున్న పేరు బేబీస్ కాంట్ వెయిట్, అంటే పసివాళ్లు ఆగలేరని. అన్నిటిలోకీ నాకు నచ్చిన పేరు అదే. మీ రాష్ట్రం పేరుకి ఎర్లీ ఇంటర్వెన్షన్ అని చేర్చి వెతికితే ఫోన్ నంబరు దొరుకుతుంది.

ఎప్పుడు అనుమానించాలి అంటే, అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ల మైల్‌స్టోన్ ట్రాకర్ అనే ఉచిత యాప్ ఉంది, ముందు అది పెట్టుకోండి. అందులో ఉన్నవాటిలో కొన్ని: ఏడాదికల్లా టాటా చెప్పడం, 15 నెలలకి ఏదైనా కావాలంటే వేలు పెట్టి చూపించడం, 18 నెలలకి అమ్మ నాన్న కాకుండా కనీసం మూడు మాటలు చెప్పబోవడం, రెండేళ్లకి రెండు మాటలు కలిపి అనడం. మాటలొక్కటే కాదు. నడక, చేతులతో పట్టుకోవడం, పిలిస్తే పలకడం, తినడం, మనుషులతో కలవడం, ఆలోచించి ఆడుకోవడం అన్నీ లెక్కలోకి వస్తాయి. ఇంకో మాట. వచ్చిన మాట పోయినా, ఊపుతున్న చెయ్యి ఊపడం మానేసినా ఒక్క వారం కూడా ఆగకండి.

రెండు భాషలు వింటున్నాడు కాబట్టి తికమకపడుతున్నాడని చాలామంది చెబుతారు. అది నిజం కాదు. రెండు భాషల వల్ల పిల్లలకి మాట ఆలస్యం కాదు. ఇంట్లో తెలుగు మానేసి వచ్చీరాని ఇంగ్లీషులో బిడ్డతో మాట్లాడకండి. మీకు బాగా వచ్చిన భాషలోనే బిడ్డకి ఎక్కువ మాటలు అందుతాయి.

డబ్బు, వీసా

మనవాళ్లు ముందుగా భయపడేది ఈ రెండిటికే. బిడ్డ ఎదుగుదలని పరీక్ష చేయడం ఉచితం. మీ కేసు చూసుకునే సర్వీస్ కోఆర్డినేటర్ ఉచితం. బిడ్డకి ఏ సేవలివ్వాలో ప్రణాళిక రాయడం ఉచితం. ఆ తర్వాత ఇచ్చే థెరపీకి కొన్ని రాష్ట్రాల్లో పైసా తీసుకోరు, టెక్సస్ లాంటి చోట్ల కుటుంబ ఆదాయాన్ని బట్టి నెలకి కొంత కట్టమంటారు. కట్టలేరని తేలితే అందుకోసం సేవ ఆపకూడదు, అది చట్టంలోనే ఉంది. ఇన్సూరెన్స్ వాడుకుంటామంటే దాని షరతులేంటో కాగితం మీద అడిగి తెలుసుకున్నాకే సంతకం పెట్టండి.

ఈ చట్టం కింద అర్హతకి పౌరసత్వం అవసరం లేదు. హెచ్4 డిపెండెంట్ వీసా మీద వచ్చిన బిడ్డయినా ఆ రాష్ట్రంలో ఉంటే చాలు. గ్రీన్‌కార్డ్‌కి ఏమైనా దెబ్బ తగులుతుందేమో అని టెన్షన్ పడేవాళ్లుంటారు. ఇది నగదు సాయం కాదు, చదువుకి సంబంధించిన చట్టం కింద అందే సేవ. మనసు కుదుటపడకపోతే మీ లాయర్ని ఒక్క మాట అడగండి. ఆ భయంతో ఫోన్ చేయడం మాత్రం వాయిదా వేయకండి.

పరీక్షకి వచ్చిన రోజు

ఫోన్‌లో చెప్పాల్సింది ఇంతే: "మా బాబు వయసు ఇంత, ఎదుగుదల గురించి అనుమానంగా ఉంది, ఎవాల్యుయేషన్ కావాలి." ఫోన్ చేసిన తేదీ, మాట్లాడినవాళ్ల పేరు రాసి పెట్టుకోండి. ఆ రోజు నుంచి 45 రోజుల్లో పరీక్షా, మొదటి ప్రణాళిక సమావేశమూ రెండూ అయిపోవాలి. పరీక్ష తెలుగులో చేయమని, తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అప్పుడే అడగండి. దానికి డబ్బు తీసుకోరు. మీకు ఇంగ్లీషు బాగా వచ్చినా అడగండి, ఎందుకంటే పరీక్ష మీకు కాదు, బిడ్డకి.

మా ఇంటికి ఇద్దరు వచ్చారు. చెప్పులు విప్పి నేల మీద కూర్చుని, సంచీలోంచి చెక్క దిమ్మలు, బొమ్మ కప్పు, బంతి తీశారు. ఆ పూట నేను చేసిన తప్పు చెబుతాను. ఎన్ని మాటలు వచ్చని అడిగితే ఇంగ్లీషు మాటలు మాత్రమే లెక్కపెట్టి రెండన్నాను. పక్కనే ఉన్న మా అమ్మ ఊరుకోలేక, "బువ్వ అంటాడు, తాత అంటాడు, ఆవుని చూపిస్తే అంబా అంటాడు" అంది. అది విని ఆ థెరపిస్ట్ పెన్ను తీసి మళ్లీ మొదటి నుంచి రాసుకుంది. సగం సగం పలికినవీ, జంతువుల అరుపులూ కూడా లెక్కే. రెండు భాషల మాటలూ కలిపి చూడాలి. అందుకే ముందు రోజే కూర్చుని మొత్తం ఒక కాగితం మీద రాసుకోండి.

తిండి ప్రశ్నల దగ్గర ఇంకో చిక్కుంది. స్పూనుతో తానే తింటాడా అని అడుగుతారు. మన ఇళ్లలో మూడేళ్లదాకా ముద్దలు కలిపి మనమే నోట్లో పెడతాం. "తినడు" అంటే చేతకాదని రాసుకుంటారు. "మేమే తినిపిస్తాం, వాడి చేతికి ఎప్పుడూ ఇవ్వలేదు" అని ఉన్నదున్నట్టు చెప్పండి. అలాగే స్కూలు ఇంటర్వ్యూకి తయారుచేసినట్టు బిడ్డని తయారుచేయకండి. ఎదురుగా మనుషులుంటే "అన్నీ చేస్తాడండీ" అనేయడం మనకి అలవాటు. ఎప్పుడో ఒకసారి చేసినది వచ్చినట్టు కాదు. కష్టమైన రోజున వాడెలా ఉంటాడో అదే చెప్పండి.

అర్హత కొలత రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సస్‌లో ఏదైనా ఒక అంశంలో 25 శాతం వెనకబడి ఉండాలి, మాటలతో చెప్పడం ఒక్కదానిలోనే ఆలస్యమైతే 33 శాతం. ఇల్లినాయిలో అది 30 శాతం. డౌన్ సిండ్రోమ్ లాంటివి ముందే తేలిన పిల్లలకి ఈ శాతాల లెక్క అక్కర్లేదు, నేరుగా అర్హులే. ఆటిజం ఉందో లేదో తేలేదాకా ఆగాలనుకోవడం కూడా పొరపాటు. ఈ సేవలకి ఆ నిర్ధారణ అవసరం లేదు. అది చెప్పే స్పెషలిస్ట్ అపాయింట్‌మెంట్ దొరకడానికి నెలలు పడుతుంది కాబట్టి రెండు పనులూ ఒకేసారి మొదలుపెట్టండి. చెవి పరీక్ష కూడా చేయించండి, పుట్టినప్పుడు పాసయినా సరే.

ప్రణాళిక, జంతికల డబ్బా

అర్హులని తేలాక ఐఎఫ్‌ఎస్‌పి అనే ప్రణాళిక రాస్తారు. ఏ థెరపీ, వారానికో నెలకో ఎన్నిసార్లు, ఎన్ని నిమిషాలు, ఎక్కడ అన్నీ అందులో ఉండాలి. లక్ష్యాలు మీ ఇంటి మాటల్లో చెప్పండి. "భాష మెరుగుపడాలి" అని కాదు, "దాహమేస్తే ఏడవకుండా నీళ్లు అడగాలి" అని. ఒక సేవ వద్దని, మిగతావి కావాలని చెప్పే హక్కు మీకుంది. ప్రణాళికని ఆరు నెలలకోసారి సమీక్షిస్తారు, మధ్యలో మార్చమని మీరూ అడగొచ్చు.

థెరపీ అంటే క్లినిక్‌కి తీసుకెళ్లి వదలడం అనుకున్నాను. ఇక్కడ వాళ్లే ఇంటికో డేకేర్‌కో వస్తారు, నేర్పేది ఎక్కువగా మనకే. మొదట్లో నాకిది నచ్చలేదు. వారానికి ఒక గంట వచ్చి నాతో మాట్లాడి పోతే వాడికేం వస్తుందనిపించింది. ఒక రోజు మావాడు అలవాటుగా అమ్మమ్మ చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి జంతికల డబ్బా మీద పెట్టాడు. అమ్మ మూత తీయబోతుంటే స్పీచ్ థెరపిస్ట్ ఆపి, మూత మీద చెయ్యి పెట్టి వాడి మొహంలోకి చూస్తూ ఐదు అంకెలు లెక్కపెట్టమంది. నేను తెలుగులో చెప్పాను. అమ్మకి ప్రాణం ఒప్పలేదు, "పసివాణ్ణి ఏడిపించడమెందుకే" అంది, కానీ ఆగింది. వాడు డబ్బా వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు. ఏమీ అనలేదు. అయినా అలా కళ్లలోకి చూసినందుకే జంతిక ఇమ్మంది థెరపిస్ట్. తొమ్మిది రోజులు పొద్దునా సాయంత్రం అదే పని. పదో రోజు "తీ" అన్నాడు. అమ్మ డబ్బా మొత్తం వాడి ముందు బోర్లించేసింది.

కాబట్టి ఇంట్లో అమ్మమ్మో నాన్నమ్మో ఉంటే సెషన్‌లో వాళ్లనీ కూర్చోబెట్టండి. రోజంతా బిడ్డతో ఉండేది వాళ్లే. అడగకముందే అన్నీ అందిస్తారు, అది ప్రేమే. ఆ ఐదు అంకెలు ఆగడం వాళ్లకి నేర్పితే చాలా పని జరుగుతుంది. వారంలో ఏం చేశారో, ఏది కుదరలేదో రాసి పెట్టుకుంటే తర్వాతి సెషన్ అక్కడి నుంచి మొదలవుతుంది.

మూడో పుట్టినరోజు

మూడేళ్లు నిండే రోజుతో ఈ సేవలు మామూలుగా ఆగిపోతాయి. ఆపై బాధ్యత మీ ప్రాంతంలో ప్రభుత్వ బడులు నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్‌ది, అది కూడా ఉచితమే. అక్కడ అర్హత మళ్లీ వేరుగా చూస్తారు. అర్హులైతే ఐఈపీ అనే కొత్త ప్రణాళిక ఉంటుంది, అది పుట్టినరోజుకల్లా సిద్ధం కావాలి. ఈ మార్పు గురించి ఎర్లీ ఇంటర్వెన్షన్ వాళ్లు కనీసం 90 రోజుల ముందు మీతో సమావేశం పెట్టాలి. వాళ్లు పిలిచేదాకా ఆగకుండా రెండేళ్ల మూడు నెలలప్పటి నుంచే అడుగుతూ ఉండండి. ఇంతవరకు ఫోనే చేయలేదు, మూడేళ్లకి ఇంకా 45 రోజుల లోపే ఉంది అంటే, అప్పుడు నేరుగా స్కూల్ డిస్ట్రిక్ట్‌కే రాయండి. ఎక్కడైనా మాట వినకపోతే, గడువు దాటిస్తుంటే, ప్రతి రాష్ట్రంలోనూ తల్లిదండ్రులకి సాయం చేసే పేరెంట్ సెంటర్లు ఉన్నాయి. వాళ్లు డబ్బు తీసుకోరు.

ఉద్యోగం మారి వేరే రాష్ట్రం వెళితే సేవలు వాటంతట అవి వెంట రావు. ఇల్లు ఖాయమవగానే కొత్త రాష్ట్రానికి ఫోన్ చేసి, పాత రిపోర్టులు పంపించండి. రెండు మూడు నెలలు ఇండియా వెళుతుంటే కోఆర్డినేటర్‌కి ముందే చెప్పండి, లేకపోతే ఫైలు మూసేసే అవకాశముంది. ఇండియాకి తిరిగి వచ్చేసే వాళ్లకి కూడా దారి ఉంది. ఇండియాలో 2013లో మొదలైన, పిల్లలకి ఆరోగ్య పరీక్షలు చేసే ఆర్‌బీఎస్‌కే కార్యక్రమం కింద జిల్లాల్లో ఎదుగుదల లోపాలున్న పిల్లలకి సాయం చేసే డీఈఐసీ కేంద్రాలు ఏర్పాటు చేశారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం నడిచే ఎన్ఐఈపీఐడీ అనే జాతీయ సంస్థ ఉంది, పాతవాళ్లు ఎన్ఐఎంహెచ్ అనే పేరుతో గుర్తుపడతారు. పరీక్ష రిపోర్టు, ఐఎఫ్‌ఎస్‌పి, చెవి పరీక్ష కాగితం రెండేసి కాపీలు తీసి వెంట తెచ్చుకోండి. సూట్‌కేసులో వేయకండి, చేతి బ్యాగులో పెట్టుకోండి.