శ్రీకాకుళం క్లినిక్ నుంచి ఫిజియోథెరపీ పీహెచ్‌డీకి సిద్ధమయ్యే పద్ధతి

ఫిజియోథెరపీలో పీజీ అయిన ఎంపీటీ పూర్తిచేసి శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ప్రాక్టీసు చేస్తున్నవారు పీహెచ్‌డీ అనుకోగానే విశ్వవిద్యాలయాల జాబితా ముందేసుకుని కూర్చుంటారు. ఆ పని చివర చేసుకోవచ్చు. మొదట తేల్చుకోవలసినది పరిశోధన ప్రశ్న, అది మీ రోగుల దగ్గరే దొరుకుతుంది. (అమెరికాలో ఇచ్చే డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ, అంటే డీపీటీ, ప్రాక్టీసుకు ప్రవేశార్హతగా ఉన్న డిగ్రీయే గాని పరిశోధన డిగ్రీ కాదు, ఈ రెంటినీ కలగలపకండి.)

పలాస జీడి కార్మికుల నడుమునొప్పి అన్నది అంశం మాత్రమే. గంటకోసారి లేచి అయిదు నిమిషాలు నడిచేవారికి, ఎప్పటిలాగే కూర్చుని పనిచేసేవారికంటే ఆరు వారాల్లో నొప్పి ఎక్కువ తగ్గుతుందా అన్నది ప్రశ్న. ఎవరిలో, ఏ చికిత్సను, దేనితో పోల్చి, దేనితో కొలుస్తున్నారో ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే ప్రశ్న ఇంకా పండలేదని అర్థం.

కొలత దగ్గరే చాలామంది తడబడతారు. ఉద్దానంలో డయాలసిస్ చేయించుకుంటున్నవారికి ఆరు నిమిషాల నడక పరీక్ష పెట్టాలనుకుంటే, అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2002లో సూచించినట్లు 30 మీటర్ల చదునైన దారి కావాలి. పన్నెండు మీటర్ల వరండాలో రోగి మాటిమాటికీ వెనుదిరగవలసి వచ్చి, నడిచే దూరం తగ్గిపోతుంది.

ప్రశ్నావళి ఇంకా చిక్కు. ఇంగ్లిషులో ఉన్నదాన్ని ఒకసారి నేనే తెలుగు చేసి వాడాను. "కాళ్లు పీకేస్తన్నాయి బాబూ" అన్న పెద్దావిడ బాధకు, మంట, పోటు, తిమ్మిరి అన్న గడుల్లో దేని దగ్గర టిక్కు పెట్టాలో తోచక పెన్ను పట్టుకుని ఉండిపోయాను. హక్కుదారుల అనుమతి తీసుకుని, ఇద్దరి చేత విడివిడిగా అనువదింపజేసి, రెండింటినీ సరిచూసి, మూలం చూడని మరొకరి చేత తిరిగి ఇంగ్లిషులోకి మార్పించి, ఆపైన కొద్దిమంది రోగుల చేత చదివించి చూడడమే సరైన దారి.

నైతిక కమిటీ అనుమతి లేకుండా ఒక్క రోగినీ చేర్చుకోకూడదు. చికిత్సను పరీక్షించే అధ్యయనమైతే, తొలి రోగిని చేర్చుకునేలోపే క్లినికల్ ట్రయల్స్ జాతీయ రిజిస్ట్రీ అయిన సీటీఆర్‌ఐలో నమోదు కావాలి. 2018 ఏప్రిల్ 1 నుంచి అక్కడ వెనుకటి తేదీతో నమోదు కుదరదు.

ఇక గైడు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ప్రొఫెసరు ఒకేసారి ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసరు ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసరు నలుగురికి మించి మార్గదర్శకత్వం వహించకూడదు కనుక, ముందుగా ఖాళీ ఉందో లేదో అడగండి. వారి ఇటీవలి పత్రాలు రెండుమూడు చదివి, మీ ప్రశ్న వారి పనికి ఎక్కడ ఆనుతుందో ఒక పేజీలో రాసి పంపండి. పీజీలో 55 శాతం మార్కులు ఉండాలి. రిజర్వుడు వర్గాలకు 5 శాతం సడలింపు ఉంది. కోర్సువర్కుతో కలిపి కనీస కాలం మూడేళ్లు. ఉద్యోగం వదులుకోలేనివారు పార్ట్‌టైమ్‌గా చేరవచ్చు గాని, యజమాని ఇచ్చే నిరభ్యంతర పత్రంలో పరిశోధనకు తగినంత సమయం కేటాయిస్తామన్న మాట స్పష్టంగా ఉండేలా చూసుకోవాలి.