కొత్త షాక్ అబ్జార్బర్లు నెలకే కారిపోయాయి

మా పది టైర్ల లారీకి ముందు షాక్ అబ్జార్బర్లు పోతే, విజయవాడ ఆటోనగర్‌లో సగం ధరకి దొరికినవి వేయించాను. నెల తిరక్కుండానే రెండూ ఆయిల్ కక్కేశాయి. పైపైన కాస్త తడి ఉండటం మామూలే, ఇవి మాత్రం బొట్లు బొట్లుగా కారాయి. ముందు టైర్లు కూడా అక్కడక్కడా గుంటలు పడ్డట్టు అరిగాయి.

సీలు నాసిరకం అనుకున్నాను. మెకానిక్ పాత ఒరిజినల్‌నీ, కొత్తదాన్నీ పూర్తిగా లోపలికి నొక్కి పక్కపక్కన పెట్టాడు. కొత్తది రెండు వేళ్లు పొడుగు! గుంతలో పడ్డప్పుడు యాక్సిల్ రబ్బరు స్టాపర్‌కి తగిలేలోపే షాక్ లోపల అడుగుకి కొట్టుకుంటోంది. ఇక సీలేం ఆగుతుంది? డబ్బా మీద మా బండి మోడల్ పేరుందిగా అని నమ్మడం నా తెలివితక్కువతనం.

ఈసారి నొక్కినప్పటి పొడవు, లాగినప్పటి పొడవు రెండూ టేపుతో కొలిచి కొన్నాను. బిగించే ముందు నిటారుగా నిలబెట్టి ఐదారుసార్లు లాగి నొక్కాం. లోపలి గాలి పోయాక ఒకే బిగువుతో కదలాలి. ఒకటి మధ్యలో బిగువు లేకుండా జారింది, అక్కడే మార్పించాను. షాక్ చివర్ల రబ్బరు బుష్‌ల బోల్టులు మాత్రం జాకీ దించాకే బిగించాం. చక్రాలు గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది.

ఏడాదైంది, షాక్‌ల రాడ్లు పొడిగానే ఉన్నాయి. టైర్లు మాత్రం మార్చక తప్పలేదు.