ఆవిరి ఇంజనును చెవులతో చూడటం ఎలా

నాకు ఆరేళ్లప్పుడు, ఆగి ఉన్న ఆవిరి ఇంజను పక్కన నాన్న చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. ఉన్నట్టుండి పైనుంచి చెవులు చిల్లులు పడేంత చప్పుడు. ఏడుస్తూ నాన్న వెనక్కి నక్కాను. డ్రైవరు కిందికి వంగి, "భయపడకమ్మా, పొట్ట నిండి తేన్చింది, అంతే" అన్నాడు. అది సేఫ్టీ వాల్వు. బాయిలర్‌లో ఒత్తిడి హద్దుకు చేరితే దానంతటదే తెరుచుకుని ఆవిరిని వదిలేస్తుంది. ఈ సంగతి ఎన్నో ఏళ్లకు గానీ తెలియలేదు. ఈలోపే ఆ పిచ్చి పట్టుకుంది, ఇప్పటికీ వదల్లేదు.

మొదటిసారి చూడబోతున్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే: ఫోను జేబులో పెట్టి ముందు వినండి.

బండి బయల్దేరడానికి అరగంట ముందే వెళ్లండి. కదిలేటప్పుడు ముందు చక్రాల దగ్గర బుస్సుమని తెల్లగా చిమ్ముతుంది. సిలిండర్లలో, అంటే ఆవిరి వచ్చి తోసే లావుపాటి గొట్టాల్లో, ఆవిరి చల్లారి నీరవుతుంది కదా, దాన్ని బయటికి తోసేస్తున్నారన్నమాట. నీరు ఉండిపోతే లోపల ముందుకూ వెనక్కూ ఆడే పిస్టన్ దెబ్బతింటుంది. అది మరిగే నీళ్లు, ఆ పక్కన నిలబడకండి.

తర్వాత వినిపించేదే అసలు మజా. ఛక్, ఛక్, ఛక్, ఛక్. పిస్టన్‌ను తోసేసిన ఆవిరి పొగగొట్టం గుండా బయటికి దూకే చప్పుడది. రెండు సిలిండర్ల ఇంజనుకు పెద్ద చక్రం ఒక్క చుట్టు తిరిగితే నాలుగు ఛక్‌లు. 1938లో గంటకు 203 కిలోమీటర్ల రికార్డు సాధించిన మల్లార్డ్ అనే ఆవిరి ఇంజనుకు మూడు సిలిండర్లు, అందుకే చుట్టుకు ఆరు. ఆ ఆవిరి పోతూ పోతూ పొగను కూడా లాక్కెళ్తుంది. దాంతో నిప్పు మీదికి గాలి ఇంకా జోరుగా వస్తుంది. ఎత్తు ఎక్కుతూ ఇంజను ఎంత కష్టపడితే మంట అంత రగులుతుంది. అలసట పెరిగేకొద్దీ ఆకలి పెరిగినట్టు! 1829 నాటి 'రాకెట్' అనే రైలింజనులోనే ఈ ఏర్పాటు ఉంది.

వేగం కూడా చెవితోనే లెక్కేయొచ్చు. చక్రం అడ్డంగా మీటరున్నర ఉంటే ఒక చుట్టుకు సుమారు 4.7 మీటర్లు. పది సెకన్లలో 40 ఛక్‌లు వింటే పది చుట్లు, అంటే 47 మీటర్లు. గంటకు దాదాపు 17 కిలోమీటర్లు. ఇంకా జోరందుకుంటే నాకు లెక్క తప్పుతుంది, ఒప్పుకుంటాను.

ఛక్‌లు ఆగిపోయి చక్రాలను తిప్పే కడ్డీల టకటకలే మిగిలితే డ్రైవరు ఆవిరి కట్టేశాడని అర్థం. బండి దాని ఊపు మీదే దొర్లుతోంది.

ఇక రంగు. నల్లటి పొగ ఫోటోకు బాగుంటుంది గానీ, బొగ్గు సరిగ్గా కాలడం లేదని దాని అర్థం. తెల్లటిది చాలావరకు నీటి తుంపరే, అసలు ఆవిరి కంటికి కనిపించదు. చలిరోజున వెళ్తే ఆ తెలుపు ఇంకా చిక్కగా కనిపిస్తుంది.

పిల్లల్ని తీసుకెళ్తే సేఫ్టీ వాల్వు గురించి ముందే చెప్పి, కాస్త దూరంగా నిలబెట్టండి. పెట్టెలో కూర్చున్నాక కిటికీలోంచి తల బయట పెట్టనివ్వకండి. బొగ్గు నలుసు కంట్లో పడితే ఆ రోజంతా మంటే.