మారథాన్ శిక్షణ మధ్యలో 10కె: ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేసుకోవాలి

హైదరాబాద్ మారథాన్ ఏటా ఆగస్టు చివర్లో ఉంటుంది. దానికి తయారయ్యేవాళ్లు చాలామంది జూలైలో ఏదో ఒక 10కెకి, అంటే 10 కిలోమీటర్ల పోటీ పరుగుకు, పేరు ఇచ్చేస్తారు. మంచి పనే. అసలు పరుగుకు 4 నుంచి 6 వారాల ముందు ఒక 10కె పడితే కాళ్లకు వేగం గుర్తొస్తుంది, చీకటితో లేచి బిబ్ (ఛాతీ మీది నంబరు కాగితం) తగిలించుకుని గుంపులో నిలబడటం అలవాటవుతుంది. కాకపోతే ఇది తాజా కాళ్లతో పరిగెత్తే 10కె కాదు. వారానికి 50, 60 కిలోమీటర్లు మోస్తున్న కాళ్లతో పరిగెత్తేది. అందుకే ఇందులో వచ్చే ఇబ్బందుల్లో సగానికి పైగా ఆ గంటలో పుట్టవు. ముందు వారంలోనో, తర్వాతి మూడు రోజుల్లోనో పుడతాయి. కింది లెక్కలన్నీ 50 నిమిషాల 10కె, అంటే కిలోమీటరుకు 5:00 (5 నిమిషాల) పేస్ మీద వేసినవి. మీ పేస్‌కు తగ్గట్టు మార్చుకోండి.

ఆరో కిలోమీటరు దాటాక పేస్ కుప్పకూలింది

దీనికి మూడు కారణాలుండొచ్చు, మూడింటికీ మందు వేరు. వాచీలో ల్యాపులు (ఒక్కో కిలోమీటరుకు పట్టిన సమయాలు) తీసి చూస్తే మీది ఏదో తెలిసిపోతుంది.

మొదటి కిలోమీటరు 4:40లో అయిపోయిందా? అయితే వేరే కారణం వెతకక్కర్లేదు. నెలల తరబడి 6:00, 6:30 పేస్‌లో లాంగ్ రన్లు (వారానికోసారి చేసే దూరపు పరుగులు) చేసిన ఒంటికి మొదటి నాలుగైదు నిమిషాలు ఎంత వేగమైనా తేలిగ్గానే అనిపిస్తుంది. ఆయాసం ఆ తర్వాత మొదలవుతుంది, అప్పటికే అప్పు పెరిగిపోయి ఉంటుంది. పైగా చాలా చోట్ల 5కె వాళ్లనూ 10కె వాళ్లనూ కాస్త ఎడంతో వదులుతారు, పక్కన దూసుకుపోయే కుర్రాడు ఎంత దూరం వెళ్తాడో మీకు తెలియదు. మొదటి కిలోమీటరు 5:08లో కట్టేయండి. 2 నుంచి 7 వరకు ఆరు కిలోమీటర్లు సరిగ్గా 5:00. అక్కడికి 35:08 అవుతుంది. మిగిలిన మూడూ 4:57 చొప్పున లాగితే 49:59. మొదట్లో పోగొట్టుకున్న 8 సెకన్లు చివర్లో తిరిగొస్తాయి. మొదట్లో మిగుల్చుకున్న 20 సెకన్లకు మాత్రం చివర్లో ఒకటికి రెండింతలు కట్టాలి.

మొదటి కిలోమీటరు నుంచే 5:15 కంటే వేగంగా వెళ్లలేకపోయారు, గుండె వేగం కూడా మామూలు టెంపో (కాస్త కష్టమైన స్థిర వేగపు పరుగు) రోజు కంటే తక్కువే ఉంది, ఆయాసం లేదు, కాళ్లు మాత్రం దుంగల్లా ఉన్నాయి అంటే అది అలసట. దాని సంగతి తర్వాతి లక్షణంలో ఉంది.

పేస్ తక్కువ, గుండె వేగం మాత్రం మొదటి నుంచీ నిమిషానికి 8, 10 ఎక్కువ. ఇది ఉక్కపోత, లేదా నిద్ర చాలకపోవడం, లేదా లోపల జ్వరం మొదలవుతూ ఉండటం. జూలైలో హైదరాబాద్‌లో తెల్లవారుజామున ఎండ ఉండదు కాబట్టి చల్లగానే ఉందనుకుంటాం. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, చర్మానికి రక్తం పంపడానికి గుండె అదనంగా కొట్టుకుంటుంది. విశాఖ బీచ్ రోడ్డులోనూ విజయవాడలోనూ ఇది ఇంకా గట్టిగా తెలుస్తుంది. అలాంటి పొద్దున 5:00 అంకెను పక్కన పెట్టి శ్రమను బట్టి పరిగెత్తండి: మూడు నాలుగు మాటలు కలిపి చెప్పగలగాలి, పూర్తి వాక్యం రాకూడదు. 5:10 పడితే పడనివ్వండి.

ఒళ్లు జలదరించడం, తల తిరగడం, అడుగులు తడబడటం, అడిగిన మాటకు పొంతన లేని జవాబు రావడం వడదెబ్బ గుర్తులు. వెంటనే ఆగి నీడకు చేరి, తల మీద, మెడ మీద నీళ్లు పోయించుకుని మెడికల్ టెంట్ వాళ్లను పిలిపించాలి. ఛాతీలో నొప్పి వచ్చినా అంతే, ఇంకో కిలోమీటరు చూద్దాం అనుకోకూడదు.

పేస్ అసలు అందుకోలేదు, కాళ్లు లేవలేదు

కారణం ఎక్కువసార్లు క్యాలెండర్‌లోనే దొరుకుతుంది. ముందు ఆదివారం 30 కిలోమీటర్లు, బుధవారం ఇంటర్వల్స్ (మధ్యమధ్య ఆగుతూ వేగంగా పరిగెత్తడం), శుక్రవారం జిమ్‌లో స్క్వాట్లు, శనివారం బిబ్‌లు పంచే ఎక్స్‌పోలో బిబ్ కోసం మూడు గంటలు నిలబడటం. ఇన్ని చేసి కాళ్లను తప్పుపట్టి లాభం లేదు.

10కె కోసం మారథాన్‌కు చేసినట్టు రెండు మూడు వారాల టేపర్ (పోటీకి ముందు శిక్షణ తగ్గించడం) అవసరం లేదు, అంత ఇస్తే అసలు శిక్షణ దెబ్బతింటుంది. నాలుగైదు రోజులు చాలు. ముందు ఆదివారం లాంగ్ రన్‌ను 20, 22 దగ్గర ఆపండి. సోమవారం విశ్రాంతి. మంగళవారం 8 కిలోమీటర్లు, అందులో 10కె పేస్‌లో 1 కిలోమీటరు చొప్పున మూడు, మధ్యలో 2 నిమిషాల జాగింగ్. బుధ, గురువారాలు 6 నుంచి 8 తేలిగ్గా. శుక్రవారం సెలవు. శనివారం 4 కిలోమీటర్లు మెల్లగా, చివర్లో 20 సెకన్ల స్ట్రైడ్స్ (క్రమంగా వేగం పెంచే చిన్న పరుగులు) నాలుగు. జిమ్‌లో కాళ్ల వ్యాయామం మంగళవారం తర్వాత వద్దు.

వార్మప్ ఎగ్గొట్టినా ఇదే లక్షణం కనిపిస్తుంది, కాకపోతే అప్పుడు మూడో కిలోమీటరు నుంచి కాళ్లు తెరుచుకుంటాయి. అలా తెరుచుకున్నాయంటే అలసట కాదు, వార్మప్ లోపమే. మారథాన్‌లో మొదటి కిలోమీటర్లే వార్మప్ అయిపోతాయి కాబట్టి ఆ అలవాటు ఇక్కడికీ వచ్చేస్తుంది. 10కెకి 12, 15 నిమిషాల జాగింగ్, కాళ్లు ఊపడం, 15 సెకన్ల స్ట్రైడ్స్ మూడు నాలుగు ఉండాలి. స్టార్ట్‌కు 10 నిమిషాల ముందు ముగించండి. వేదిక మీద పాటలకు వేయించే జుంబా వార్మప్ కాదు. సరదాగా ఉంటుంది, అంతే.

ఆ వారం లాంగ్ రన్ గల్లంతైంది

10కె ఆదివారం పడటంతో వచ్చే చిక్కు ఇది. దానికి చేసే తప్పుడు వైద్యం శనివారం 28 కిలోమీటర్లు కొట్టి ఆదివారం బిబ్ తగిలించుకోవడం. రెండూ చెడతాయి. సరైన దారి పరుగునే పొడిగించడం: ముందు 3 కిలోమీటర్ల వార్మప్, 10 పరుగు, మెడల్ తీసుకుని నీళ్లు తాగి 10 నిమిషాల్లో మళ్లీ కదిలి 5, 6 కిలోమీటర్లు చాలా మెల్లగా. మొత్తం 18, 19 అవుతుంది, అలసిన కాళ్లతో పరిగెత్తే అభ్యాసమూ దొరుకుతుంది. చివరి 5 చేసేటప్పుడు ఏదైనా ఒకచోట పట్టేస్తే నడిచి ఇంటికి వెళ్లిపోండి. 10కె శనివారం పడితే, మూడు నాలుగు మారథాన్లు చేసినవాళ్లు మర్నాడు 20 మెల్లగా చేసుకోవచ్చు. మొదటిసారి వాళ్లు మాత్రం ఆ పని పెట్టుకోవద్దు.

డొక్కలో పోటు, కడుపులో తిప్పడం

పరుగు ముందు కడుపు నిండా తినడమో, తీపి డ్రింకు గటగటా తాగడమో ఎక్కువసార్లు కారణం. పొద్దున 5:30 స్టార్ట్‌కు రెండున్నర గంటల ముందు ఇడ్లీలు తినమంటే ఎవరూ లేవరు. ఒక అరటిపండు, లేదా మూడు ఖర్జూరాలు గంట ముందు చాలు. గంటలోపు పరుగుకు జెల్ (శక్తి కోసం దారిలో మింగే తీపి పేస్టు) అక్కర్లేదు. మారథాన్‌లో వాడబోయే జెల్ కడుపుకు పడుతుందో లేదో చూడాలనుకుంటే లాంగ్ రన్‌లో చూసుకోండి. నీళ్లు లేవగానే 300, 400 మిల్లీలీటర్లు, తర్వాత దారిలో గుక్కెడు గుక్కెడు. రాత్రికి పెరుగన్నం, చారు అన్నం ఏదైనా సరే, అలవాటైనదే. శనివారం రాత్రి బిర్యానీ ఆదివారం ఏడో కిలోమీటరులో పలకరిస్తుంది.

పోటు వచ్చేసిందంటే అర నిమిషం పాటు పేస్ తగ్గించి, నొప్పి ఉన్నచోట వేళ్లతో నొక్కి, కాస్త ముందుకు వంగి గాలి పూర్తిగా బయటకు వదలండి. నాలుగైదు సార్లకు చాలామందికి సర్దుకుంటుంది.

వాచీలో 10.15 కిలోమీటర్లు చూపించింది, ఫలితాల్లో టైమ్ వేరే ఉంది

వాచీ పాడవలేదు, చాలావరకు నిర్వాహకుల తప్పూ కాదు. సర్టిఫై చేసిన (అధికారికంగా దూరం కొలిచిన) కోర్సును మలుపుల దగ్గర లోపలి అంచును పట్టుకుని వెళ్లే అతి దగ్గరి దారిలో కొలుస్తారు. పొరపాటున తక్కువ పడకుండా 1000కి 1 చొప్పున, అంటే 10 కిలోమీటర్లకు 10 మీటర్లు అదనంగా కలుపుతారు. మీరు నీళ్ల బల్ల కోసం ఓసారి, నెమ్మదిగా వెళ్లేవాళ్లను దాటడానికి ఓసారి పక్కకు జరుగుతారు. దానికి ఫ్లైఓవర్ల కింద, ఎత్తైన భవనాల మధ్య జీపీఎస్ వేసే అడ్డదిడ్డపు గీతలు తోడవుతాయి. 10.15 కిలోమీటర్లను 50 నిమిషాల్లో ముగించాలంటే వాచీలో సగటు 4:56 కనిపించాలి. 5:00 చూపిస్తోంది కదా అని నిశ్చింతగా వెళ్తే 50:45కి చేరతారు. వాచీ తనంతట తానే కిలోమీటర్లు లెక్కేసే ఆటో ల్యాప్ ఆపేసి, రోడ్డు పక్క కిలోమీటర్ బోర్డు దగ్గర బటన్ మీరే నొక్కండి. టైమ్ విషయానికొస్తే, మీకు కావలసింది చిప్ టైమ్, అంటే మీరు స్టార్ట్ లైన్ దాటినప్పటి నుంచి లెక్కించేది. గన్ టైమ్‌లో స్టార్ట్ లైన్ దాటడానికి గుంపులో ఆగిన సమయం కూడా కలిసి ఉంటుంది. సర్టిఫై చేయని 10కె అయితే దూరం ఎటైనా ఉండొచ్చు, ఆ టైమ్‌తో కింది లెక్క వేయకండి.

10కె టైమ్‌తో వేసిన మారథాన్ లెక్క నమ్మశక్యంగా లేదు

నమ్మకపోవడమే మంచిది. నెట్‌లోని చాలా క్యాలిక్యులేటర్లు అమెరికన్ ఇంజినీరు పీట్ రీగెల్ సూత్రం మీద నడుస్తాయి: దూరాల నిష్పత్తికి 1.06 ఘాతం వేసి టైమ్‌తో గుణించడం. 10కె నుంచి మారథాన్‌కు అది దాదాపు 4.6 రెట్లు. 50 నిమిషాలకు 3 గంటల 50 నిమిషాలు వస్తుంది. ఆ లెక్క రెండు దూరాలకూ సమానంగా శిక్షణ ఉన్నవాళ్లకు సరిపోతుంది. వారానికి 45 కిలోమీటర్లు చేసి, లాంగ్ రన్లు 28 దగ్గర ఆగినవాళ్లకు 30 దాటాక గ్లైకోజెన్ (కండరాల్లో దాచుకున్న పిండిపదార్థపు ఇంధనం) అడుగంటుతుంది, సూత్రానికి ఆ సంగతి తెలియదు. మొదటి మారథాన్ అయితే 4.8 నుంచి 5 రెట్లు పెట్టుకోండి: 4 గంటల నుంచి 4:10. హైదరాబాద్ ఫ్లైఓవర్ల ఎత్తులకు ఆ పై అంచునే పట్టుకోవడం క్షేమం.

మంగళవారానికి నొప్పి తగ్గలేదు

రెండు తొడలూ, రెండు పిక్కలూ సమానంగా నొస్తూ, మెట్లు దిగేటప్పుడు ఎక్కువ తెలిసే నొప్పి కండరాలది. ఒకటి నుంచి మూడు రోజుల్లో గరిష్ఠానికి చేరి తగ్గిపోతుంది. ఆ వారం నాలుగైదు రోజులు మెల్లని పరుగులే, ఇంటర్వల్స్ వద్దు.

ఒక్క కాలిలోనే, వేలు పెట్టి చూపించగలిగేంత చిన్న చోట, మోకాలి కింద ముందు ఎముక మీదో పాదంలోనో నొప్పి ఉండి, ఒంటికాలి మీద గెంతితే పెరుగుతోందంటే అది వేరు. ఎముక పగుళ్ల అనుమానం. పరుగు ఆపి ఎముకల డాక్టరుకు చూపించాలి, నూనె రాసి వారం చూడటం కుదరదు. పొద్దున్నే మంచం దిగగానే మడమ పైన వెనకవైపు బిగుసుకుపోతే కొత్త బూట్లను అనుమానించండి. కార్బన్ ప్లేట్ బూట్లు (అడుగున గట్టి కార్బన్ పలక ఉన్నవి) పిక్కల పని తీరును మారుస్తాయి. వాటిని పరుగు రోజే మొదటిసారి తొడగకుండా, ముందు రెండు సార్లు 5, 6 కిలోమీటర్ల అభ్యాసంలో వాడాలి. గోళ్లు నల్లబడితే బూటు పొట్టి, బొబ్బలొస్తే సాక్సు తడి. తొడలు, చంకలు, ఛాతీ రాసుకుపోతే ముందే వాజలీన్ పూసుకోవాలి.

10కె అద్భుతంగా వచ్చింది

ఇదీ లక్షణమే, పట్టించుకోకపోతే ఎక్కువ నష్టం చేసేది ఇదే. 49:20 వచ్చిన ఉత్సాహంలో సోమవారం మారథాన్ టార్గెట్ పేస్‌ను కిలోమీటరుకు 10 సెకన్లు వేగంగా మార్చేస్తారు, పోయిన కిలోమీటర్లను వారం మధ్యలో పూడుస్తారు, రెండు వారాల్లో ఇంకో 10కెకి డబ్బు కట్టేస్తారు. పోయిన కిలోమీటర్లు పోయినట్టే, పూడ్చొద్దు. తర్వాతి ఆదివారం 26 నుంచి 28 కిలోమీటర్లు, మారథాన్ పేస్ కంటే కిలోమీటరుకు 45 సెకన్ల నుంచి నిమిషం మెల్లగా చేయండి. చివరి 5 కిలోమీటర్లలో గుండె వేగం ఎక్కకుండా నిలిచిందో లేదో చూసి, ఆ తర్వాతే టార్గెట్ మార్చే మాట.