చిన్న దీవి ఆహార జాలకం: డేటా పట్టిక ఎలా కట్టాలి

ఒక చోట ఏ జీవి దేన్ని తింటుందో చూపే లంకెల అల్లికే ఆహార జాలకం. దాని కోసం దీవిలో దొరికినంత రాసుకుందాం, హైదరాబాద్‌కు వచ్చాక సర్దుకోవచ్చులే అనుకుంటే పని అక్కడే చెడుతుంది. ఫీల్డ్ పుస్తకంలో ‘బల్లి – పురుగును తింది’ అని ఉంటే హబ్సిగూడ ల్యాబ్‌లో ఎంతసేపు కూర్చున్నా దాన్ని ఎవరూ బాగుచేయలేరు. ఏ బల్లి? ఏ పురుగు? తింటుంటే చూశారా, కడుపులో దొరికిందా, ఎక్కడో చదివి రాశారా? అందుకే పడవ ఎక్కకముందే ఖాళీ పట్టికలు గీసుకోండి. మూడు కావాలి.

మొదటిది జీవుల పట్టిక. ప్రతి జీవికీ ఒక కోడ్, శాస్త్రీయ నామం, దశ, ఉండే చోటు, ఏ స్థాయి వరకు గుర్తించారు (జాతా, ప్రజాతా, కుటుంబమా) అన్నవి రాయాలి. దశను వదిలేయొద్దు. గొంగళిపురుగు ఆకు నములుతుంది, అదే సీతాకోకచిలుక అయ్యాక తేనె తాగుతుంది. కాబట్టి వాటికి రెండు వరుసలు ఉండాలి. బల్లులను జాతుల వారీగా విడదీసి, సాలీళ్లన్నిటినీ ఒకే గంపలో వేసే అలవాటు చాలామందికి ఉంది. అలా చేస్తే ఆ ఒక్క ‘సాలీడు’ దీవిలో దొరికిన ప్రతిదీ తింటున్నట్టు కనిపిస్తుంది.

రెండోది ఎవరు ఎవరిని తింటున్నారో చెప్పే పట్టిక. తినేది, తినబడేది, ఎన్నిసార్లు, తేదీ, స్థలం, ఆధారం. ఈ చివరి గడిలోనే అసలు సంగతి ఉంది. కంటితో చూసినదానికి 1, కడుపులో గాని పెంటలో గాని దొరికినదానికి 2, డీఎన్ఏతో తేలినదానికి 3, వేరే దీవి గురించి చదివి రాసినదానికి 4, ఊహకు 5. తర్వాత 4, 5 తీసేసి లెక్క మళ్లీ వేయండి. ఫలితం తలకిందులైతే మీ దగ్గర ఉన్నది డేటా కాదు, నమ్మకం. డీఎన్ఏను కూడా గుడ్డిగా నమ్మొద్దు. ఈగను తిన్న సాలీడును బల్లి తింటే, బల్లి పెంటలో ఈగ డీఎన్ఏ కూడా కనిపించవచ్చు. సొంత జాతిని తిన్న సంగతి డీఎన్ఏలో తెలియదు.

మూడోది శ్రమ పట్టిక: ఎన్ని గంటలు చూశారు, ఎన్ని కడుపులు పరీక్షించారు, ఏ కాలంలో. దీన్నే ఎక్కువమంది ఎగ్గొడతారు. ఇది లేకపోతే ‘తినదు’కూ ‘మేం చూడలేదు’కూ తేడా పోతుంది. కరీబియన్‌లోని సెయింట్ మార్టిన్ దీవికి 1993లో గోల్డ్‌వాసర్, రఫ్‌గార్డెన్ అనే పరిశోధకులు 44 జీవులతో ఒక జాలకం కట్టారు. పరిశీలన తగ్గితే దాని లక్షణాలు ఎలా మారిపోతాయో 1997లో వాళ్లే లెక్కగట్టి చూపారు. మీరు చేయాల్సింది సులువే. పరీక్షించిన కడుపుల సంఖ్య అడ్డంగా, అప్పటికి దొరికిన ఆహార రకాల సంఖ్య నిలువుగా పెట్టి గీత గీయండి. గీత ఇంకా ఎక్కుతూనే ఉంటే నమూనాలు చాలలేదు.

చిన్న దీవిలో తిండి బయటినుంచి కూడా వస్తుంది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాచు, చచ్చిన చేప, పక్షి రెట్ట, వీటికీ జీవుల పట్టికలో వరుసలు పెట్టాలి. (హుస్సేన్ సాగర్‌లో బుద్ధుడు నిలిచిన రాయి మీద లెక్క వేస్తే పర్యాటకుల చిరుతిండికీ ఒక వరుస పెట్టాల్సిందే.) అలాస్కా దగ్గరి అల్యూషన్ దీవుల్లో నక్కలను వదిలాక సముద్ర పక్షులు తగ్గిపోయాయి, రెట్ట ఎరువు ఆగింది, పచ్చిక నేలలు పొదల టండ్రాగా (చెట్లు లేని చలి నేలగా) మారాయి. 2005లో ప్రచురించిన ఈ పరిశోధన గుర్తుంటే రెట్టను వదిలేయరు.

ఐసోటోపులతో (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న అణువులతో) పోషక స్థాయి, అంటే ఆహార మెట్లలో ఆ జీవి ఎన్నో మెట్టు మీద ఉందో తేల్చాలంటే నమూనాను 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర 48 గంటలు ఆరబెట్టి, మెత్తగా నూరి, తగరపు గుళికలో తూచాలి. జంతు కణజాలం 0.5 నుంచి 1 మిల్లీగ్రాము, ఆకు 2 నుంచి 3. వీలైతే దీవిలోనే ఆరబెట్టి తీసుకురండి, దారిలో ఐస్ పెట్టె కరిగితే కణజాలం కుళ్లుతుంది. మన జులై వానల్లో మూత తీసి ఉంచిన పొడి గాలిలోని తేమ లాగేసి బరువు తప్పు చూపిస్తుంది. సిలికా జెల్ ఉన్న డెసికేటర్‌లోంచి (లోపల తేమ లేకుండా ఉంచే మూత పాత్రలోంచి) తీసిన వెంటనే తూయండి. పీత పెంకులోని సున్నాన్ని ఆమ్లంతో తీయాలి, కానీ ఆమ్లం నైట్రోజన్ విలువను కదిలించగలదు. అందుకే పీత పొడిని రెండు భాగాలు చేసి, ఆమ్లం వేసినది కార్బన్‌కు, వేయనిది నైట్రోజన్‌కు వాడండి.

తిండి మెట్టు ఎక్కేకొద్దీ ఒంట్లో బరువైన నైట్రోజన్-15 పెరుగుతుంది, లెక్కకు ఆధారం అదే. లెక్క ఇలా ఉంటుంది. బల్లి నైట్రోజన్-15 విలువ 9.2, ఆకు తినే పురుగుది 4.1 అనుకోండి. తేడా 5.1. ఒక్కో మెట్టుకు సాధారణంగా తీసుకునే 3.4తో భాగిస్తే 1.5. ఆకు తినేవాటి స్థాయి 2 కాబట్టి, దానికి కలిపితే బల్లి స్థాయి 3.5. ఇందులో ఒక ఉచ్చు ఉంది. పక్షులు గూడు కట్టే చోట రెట్ట వల్ల మొక్కల్లోనే నైట్రోజన్-15 పెరుగుతుంది. దీవి అవతలి కొస నుంచి తెచ్చిన పురుగుతో పోలిస్తే అక్కడి బల్లి లేని మెట్లు ఎక్కేస్తుంది. ఏ చోటి బల్లికి ఆ చోటి పురుగునే ఆధారంగా తీసుకోవాలి.

జాలకం సాంద్రతకు, అంటే ఉండగల లంకెల్లో ఎంత వంతు నిజంగా ఉన్నాయో తెలియడానికి, లంకెల (తినేది-తినబడేది జతల) సంఖ్యను జీవుల సంఖ్య వర్గంతో భాగిస్తే చాలు. 20 జీవులు, 60 లంకెలుంటే 60ని 400తో భాగించాలి, 0.15.

ఎక్సెల్‌లో టైపు చేసేటప్పుడు పురుగు పొడవు గడిని ముందే టెక్స్ట్‌గా మార్చండి. లేదంటే ‘3-5’ మిల్లీమీటర్లు అని కొట్టగానే అది మే 3గానో మార్చి 5గానో మారిపోతుంది, తర్వాత టెక్స్ట్‌గా మార్చినా పాత విలువ తిరిగి రాదు. సేవ్ చేసేముందు తినేది అన్న గడిలో ఎక్కడా రాని కోడ్‌లను వెతకండి. అవి మొక్క, నాచు, రెట్ట, చచ్చిన చేప లాంటివైతే సరే. వాటి మధ్య సాలీడు కనిపిస్తే ఫీల్డ్ పుస్తకం మళ్లీ తెరవండి.